మిర్చి బండి వకీలమ్మ, నేను నింపిన ఫారం

2023 ఏప్రిల్. కేసముద్రం మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా నా ఇంటర్నెట్ సెంటర్. ఆ మధ్యాహ్నం ఒక దరఖాస్తు నింపుతూ మౌస్ మీది చక్రాన్ని ఒక్క మెట్టు ఎక్కువ తిప్పాను. దాంతో ఒక మనిషి రెండేళ్లుగా చదివిన చదువు దాదాపు వృథా అయ్యేది. అది పొరపాటు. ఆ తర్వాత నేనాడిన అబద్ధం మాత్రం తెలిసి ఆడిందే. రెండూ నావే కాబట్టి రెండూ రాస్తున్నాను.

మాది దేవరుప్పుల పక్కన ఒక పల్లె. పెండ్లయ్యాక కేసముద్రం వచ్చి ఈ సెంటర్ పెట్టాను. పదిహేనేళ్లకు పైనే అయింది. ఊళ్లో నన్ను నెట్టు రమేశ్ అంటారు. కులం సర్టిఫికెట్ నుంచి రైలు టికెట్ దాకా అన్నీ చేస్తాను గానీ, ఎండాకాలం వచ్చిందంటే ప్రవేశ పరీక్షల పనే పని. యార్డులో మక్కలు, వడ్లు రాసులు పోసే రోజుల్లోనే నా గుమ్మం ముందు కూడా జనం వరుస కడతారు. ఇంజినీరింగ్ అయినా, బీఈడీ అయినా, లా అయినా కాలేజీలో చేరాలంటే ముందు పరీక్ష రాయాలి, పరీక్ష రాయాలంటే ముందు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి.

చూసేవాళ్లకు ఇది టైపింగ్ పనిలా కనిపిస్తుంది. నిజానికి టైప్ చేసేది తక్కువ, ఎంచుకునేది ఎక్కువ. పుట్టిన జిల్లా, పరీక్ష రాసే ఊరు, ప్రశ్నపత్రం భాష, ఇవన్నీ గడి మీద నొక్కగానే కిందికి జారే జాబితాల్లో ఉంటాయి. వాటిని డ్రాప్‌డౌన్ అంటాం. ఒకటి ఎంచుకున్నాక పక్కన ఖాళీ జాగాలో ఒకసారి నొక్కి, ఆ తర్వాతే పేజీని కిందికి జరపాలి. అలా నొక్కకుండా మౌస్ చక్రం తిప్పితే పేజీకి బదులు ఆ జాబితా కదులుతుంది. మనం ఎంచుకున్నది పోయి దాని కిందిది వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి మా పనిలో ఉన్నవాళ్లకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఇలాంటివి దొరకబట్టడానికే చివర్లో ప్రివ్యూ అని ఒక పేజీ ఉంటుంది. నింపినదంతా ఒకచోట కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టే మనిషి దాన్ని చదువుకుని సరేనన్నాకే సబ్మిట్ నొక్కాలి. నొక్కిన తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు. కొన్నాళ్లకు తప్పులు దిద్దుకోవడానికి కొద్ది రోజుల గడువు ఇస్తారు. దాన్ని కరెక్షన్ విండో అంటారు. అది కూడా దాటిపోతే ఇక అంతే.

నా సెంటర్ పక్కనే సరూప మిర్చి బండి. మా వైపు మిర్చి బజ్జీలను మిర్చీలనే అంటారు. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త లారీ డ్రైవర్, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. బండి దగ్గర ఆమె, ఆమె అత్త లచ్చవ్వ ఉండేవారు. యార్డులో బస్తాలు మోసే హమాలీల మధ్య పేచీ వచ్చినా, తూకం దగ్గర ఏ రైతుకైనా కోపం వచ్చినా ఆ పంచాయతీ చివరికి బండి దగ్గరికే చేరేది. సరూప నూనెలో మిర్చీలు తిప్పుతూనే ఇద్దరి మాటా వినేది. తప్పెవరిదో మొహం మీదే చెప్పేది.

"వకీలమ్మా, తీర్పు తర్వాత గాని, ముందుగాల రెండు మిర్చీలియ్యి" అని హమాలీలు ఆట పట్టించేవారు.

ఆ మాట ఆమె పట్టుకుంది. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ అంతకుముందే చేతికొచ్చి ఉంది. లా కాలేజీలో చేరాలంటే లాసెట్ రాయాలి. హనుమకొండ పోయి కోచింగ్‌లో కూర్చుందామంటే బండి నడవదు. అందుకని తనంతట తానే చదువుకోవడం మొదలుపెట్టింది.

ఆ చదువు చూసి తీరాల్సిందే. మిర్చీలు కట్టివ్వడానికి పాత పేపర్లు కిలోల లెక్కన కొనేది. పరీక్ష రాయాలని నిర్ణయించుకున్న రోజు నుంచి చదవకుండా ఒక్క కాయితం చింపలేదు. జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు అన్నీ అందులోంచే. చట్టానికి సంబంధించిన ప్రశ్నల కోసం ఎవరో వాడి వదిలేసిన తెలుగు గైడు ఒకటి శనగపిండి డబ్బా పక్కన ఉండేది. దాని పేజీలు నూనె పీల్చి, ఇవతలి నుంచి చూస్తే అవతలి అక్షరాలు కూడా కనిపించేవి. హమాలీలతో ఒక ఒప్పందం పెట్టుకుంది. మిర్చి తింటూ చేతిలో ఉన్న పేపర్ ముక్కలోంచి ఎవరైనా ప్రశ్న అడగొచ్చు. ఆమె జవాబు తప్పితే ఒక మిర్చి ఉత్తగనే, అంటే పైసలు లేకుండా.

"వకీలమ్మా, రాజీనామా చేసిన ఈ మంత్రి ఏ రాష్ట్రపోడు?"

"ముందుగాల ఆ పేపరు తారీఖు జెప్పు. ఆర్నెల్ల కిందటిదైతే ఆయన మల్ల మంత్రి అయిండు."

లచ్చవ్వకు మాత్రం ప్రాణం మీదికొచ్చేది. "నీ సదువు సల్లగుండ, దినాం పది మిర్చీలు పరీక్షలకే పోతున్నయ్" అని గొణిగేది. కానీ కోడలికి మాటిచ్చింది కూడా ఆమే. "ఒక్కపారి రాస్కో. సీటొస్తె బండి నేను జూస్కుంట. రాకుంటె ఆ గైడుల గూడ మిర్చీలు గట్టిద్దాం" అంది. సరూప సరేనంది. ఆమెకు రెండో అవకాశం లేదని నాకు బాగా తెలుసు.

దరఖాస్తు పెట్టిన రోజు సరూప వెనక ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. వెబ్‌సైటు నత్తలా కదులుతోంది. పది నిమిషాలకొక ఫారం కొడతానని నాకొక గొప్ప ఉండేది. అది చాలదన్నట్టు కీబోర్డు పక్కన ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది.

"అన్నా, భాష కాడ ఇంగ్లీషు-తెలుగు పెట్టు. కింద తెలుగుంటెనే నాకు నడుస్తది" అంది సరూప.

"తెల్సు చెల్లె. ఎన్నేండ్ల సంది గిదే పని నాది!"

ఇంగ్లీష్-తెలుగు అనే ఎంచుకున్నాను. అంతలో ఫోన్‌లో ఎవరో అవుటయ్యారు. కన్ను అటు పోయింది, వేలు చక్రం మీద పడింది. ఆ జాబితాలో ఇంగ్లీష్-తెలుగు కింద ఉన్నది ఇంగ్లీష్-ఉర్దూ.

ప్రివ్యూ పేజీ వచ్చింది. అప్పట్లో స్క్రీన్ నా వైపే ఉండేది. సరూప బల్ల మీదుగా మెడ సాచింది.

"జర ఇటు తిప్పరాదె, ఒక్కపారి సదువుకుంట."

"నువ్వు సదివేటాల్లకు సర్వర్ పోతది. నీ ఎనక ఎంతమంది ఉన్నరో సూడు."

"రెండు నిమిషాలే అన్నా."

"మిర్చీలు ఎట్ల ఏస్తున్నవని నేనెప్పుడన్న అడిగిన్నా? నువ్వేస్తె తిని పోతలేనా? గిది గూడ గంతే."

వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి వెనక్కి జరిగింది. 'పై వివరాలన్నీ చదివి సరిచూసుకున్నాను' అని పేజీ అడుగున ఒక గడి ఉంటుంది. అందులో ఆమె తరఫున నేనే టిక్ పెట్టి సబ్మిట్ నొక్కాను.

ప్రింటర్‌లో ఇంకు అయిపోయి ఉంది. దరఖాస్తు నంబరు చీటీ మీద రాసిచ్చి పంపాను. ప్రింటు కోసం ఆమె ఆ వారంలో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ "రేపు రా చెల్లె" అన్నాను. ఆ కాయితం చేతికి ఇచ్చి ఉంటే అదే రోజు అక్షరం అక్షరం చదివేది. తప్పు దొరికేది. నేను ఇవ్వలేదు. ఆమె బండి పనిలో, చదువులో పడి మళ్లీ అడగలేదు. కరెక్షన్ విండో తెరిచారు, మూశారు.

మే నెలలో హాల్‌టికెట్లు వచ్చాయి. సరూపది తీసి ఇచ్చాను. డబ్బులిచ్చి గుమ్మం దాకా పోయింది. అక్కడే నిలబడి పైనుంచి కిందిదాకా చదివి వెనక్కి వచ్చింది.

"అన్నా, గిదేంది? ఇంగ్లీషు-ఉర్దూ అని ఉన్నది?"

చూశాను. ఒక్క క్షణంలో ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది, ఫోన్, చక్రం, అందరి నవ్వూ. నా నోటి నుంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"సర్వర్ తప్పు చెల్లె. గిట్ల శానమందికి అయితాంది."

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. దిద్దుకునే గడువు అయిపోయిందని, ప్రతి ప్రశ్నా ఇంగ్లీషులో ఎలాగూ ఉంటుందని మర్యాదగానే చెప్పారు. పరీక్షకు పద్దెనిమిది రోజులుంది. సరూప చదివిందంతా తెలుగులో. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు గానీ, గడియారం తిరుగుతుంటే ప్రశ్న మీద ప్రశ్న చదివి అర్థం చేసుకునేంత కాదు.

సంగతి లచ్చవ్వకు తెలిసింది. "ఎవడే ఆ సర్వర్‌గాడు? ఏ ఊరోడు? వాని చేతులిరుగ, నా కోడలి కష్టంల మన్ను వోసె!" అని రెండు రోజులు బండి దగ్గర శాపనార్థాలు. నేను ఆ పక్కనే నిలబడి టీ తాగుతూ విన్నాను. మూడో రోజు నన్ను పిలిచి మిర్చీలు పెట్టింది. "నువ్వన్న మంచోనివి బిడ్డా. నా కోడలి కోసం ఫోన్లల్ల ఎంతగనం మాట్లాడినవ్" అంది. ఒక్కటి తిని, మిగతావి పొట్లంలోనే వదిలేశాను.

అంతకన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. ఆ మూడు రోజులూ సరూప పేపర్లను చదవకుండానే చింపి పొట్లాలు కట్టింది. హమాలీలు ప్రశ్న అడిగితే "తెల్వదు, తీస్కో" అని మిర్చి చేతిలో పెట్టి పంపింది.

ఆ మూడో రోజు సాయంత్రమే ఖాజా చిచ్చా వచ్చాడు. ఆయన నలభై ఏళ్లు తహసీల్ ఆఫీసు బయట గొడుగు కింద కూర్చుని అర్జీలు, దస్తావేజులు రాశాడు. తెలుగు, ఉర్దూ రెండూ ముత్యాల్లా రాస్తాడు, ఆఫీసు కాయితాల ఇంగ్లీషూ చదవగలడు. నాలాంటి సెంటర్లు వచ్చాక ఆయన దగ్గరికి పోయేవాళ్లు తగ్గిపోయారు. రోజూ నాలుగింటికి వచ్చి రెండు మిర్చీలు, ఒక చాయ్ తీసుకుని పోతాడు. ఆ వారం చుట్టాల ఊరికి పోయి అప్పుడే తిరిగొచ్చాడు. సరూప హాల్‌టికెట్ చూసి కండ్లద్దాలు పైకి నెట్టుకుని నా వైపు తిరిగాడు.

"బేటా రమేశ్, ఫారం నింపినంక చదివి వినిపించినవా?"

నేను కింద పడ్డ పేపర్ ముక్క ఏరుతున్నట్టు వంగాను.

"ఎందుకు అడుగుతున్ననంటె, నేను ఏ కాయితం రాసినా ఆఖరుకు 'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకున్నారు' అని ఒక లైను రాసెటోన్ని. ఎంత ఎండగొట్టినా సరే, వినిపించకుండ ఆ లైను ఎన్నడు రాయలే. మీ కంప్యూటర్‌ల గట్లాంటి లైను ఉండదా?"

ఉంటుంది. దాని పక్కన టిక్ పెట్టింది నేనే. ఆ మాట చెప్పకుండా ఇంకో మిర్చి తినడం నా వల్ల కాలేదు.

"సర్వర్ గాదు చిచ్చా, నేనే" అన్నాను. మ్యాచ్ చూస్తూ చక్రం తిప్పిన సంగతి, స్క్రీన్ తిప్పనిది, టిక్ పెట్టింది, ప్రింటు ఇవ్వనిది, అన్నీ వరసగా చెప్పాను. ముందుగా తేరుకున్నది లచ్చవ్వ. చేతిలో జాలిగంటె లేపింది.

"అయితె ఆ సర్వర్‌గాడివి నువ్వేనారా!"

సరూప అత్త చెయ్యి పట్టుకుంది. స్టవ్ మంట తగ్గించింది. నా వైపు తిరిగింది.

"వకీలు గావాలన్నదాన్ని, ఒక్క ముక్క సదవకుండ నీ ముందల నవ్వుకుంట కూసున్న. గా తప్పు నాది అన్నా. నా పేరు మీద 'సదివిన' అని నువ్వు టిక్కు పెడితివి సూడు, గది నీది. అబద్ధం గూడ నీదే."

"నువ్వేమంటె గది చేస్త చెల్లె."

"ఏమంటె గది అన్నవ్, అందరు విన్నరు" అని హమాలీల వైపు చూసింది. "ఇయ్యాల్టి సంది పరీక్ష దాంక మధ్యాహ్నం రెండు గంటలు నీ కంప్యూటర్ నాది. ఇంగ్లీషు ప్రశ్నలు నాతోటి సదివిపియ్యాలె. ఇగ పరీక్ష నాడు బండి కాడ నా జాగల నువ్వు నిలవడాలె. మిర్చీలు నువ్వే ఏసుడు."

"వాని చేతికి నా బండా!" అంది లచ్చవ్వ.

"నువ్వు పక్కనుంటవ్ గదత్తా. మంచిగ జెప్తవ్."

లచ్చవ్వ మొహంలో మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది.

మర్నాటి నుంచి రెండింటికి సరూప వచ్చి నా కుర్చీలో కూర్చునేది. నేను స్టూలు మీద. పాత ప్రశ్నపత్రాలు ఇంగ్లీషులో తెరిచేవాళ్లం. రెండో రోజే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నేళ్లుగా నేను ఇంగ్లీషు అనుకున్నది ఫారాల ఇంగ్లీషు. తండ్రి పేరు, శాశ్వత చిరునామా, పిన్‌కోడ్, ఇవి దాటితే నేనూ కూడబలుక్కునేవాణ్నే. ప్లెయింటిఫ్, సూరిటీ, విట్నెస్ అని మాటలు వస్తుంటే ఇద్దరం కలిసి డిక్షనరీ తీసేవాళ్లం.

"అన్నా, నువ్వు డిగ్రీ పాసైనవా నిజంగ?"

"ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన."

"గా ముచ్చట ఫారం నింపకముందు జెప్పొద్దా?"

చూసిన ప్రతి కొత్త మాటనూ ఆమె సుద్దముక్కతో బండి రేకు మీద రాసుకునేది. మిర్చీలు వేస్తూ చదివేది. హమాలీలు కూడా పద్ధతి మార్చుకున్నారు. వేలితో రేకు మీద ఒక మాట చూపించి "గిదేంది వకీలమ్మా?" అనేవారు. చెప్పలేకపోతే మిర్చి ఉత్తగ. ఆ మొదటి వారం యార్డులో అందరికీ కడుపు నిండింది.

ఖాజా చిచ్చా రోజూ ఇదంతా చూసేవాడు. ఒకరోజు సుద్దముక్క అడిగి తీసుకున్నాడు.

"బేటీ, ఇంగ్లీషు కింద ఉర్దూ ఉంటదని ఏడుస్తున్నవ్. అసలు కచేరీల మాట్లాడేది ఏంది? వకీల్, అదాలత్, గవాహ్, జమానత్, కానూన్, హక్. ఇందుల నీకు తెల్వని మాట ఒక్కటి జెప్పు."

సరూప ఆలోచించింది. "గవాహ్ అంటె సాక్షి, జమానత్ అంటె జామీను. అన్నీ మనం దినాం అనుకునేటియే గద చిచ్చా."

"మాటలన్ని నీ నోట్లె ఉన్నయ్. లిపి ఒక్కటే లేదు. పూర్తిగ రాదు, పదిహేను దినాల్ల ఎవ్వరికి రాదు. ఒక ఇరవై ముప్పై మాటలు కండ్లకు ఆనితె చాలు."

అలా రేకు మీద ఇంగ్లీషు పక్కన ఉర్దూ వచ్చి చేరింది. నిటారు గీత అలిఫ్. పడవలాంటి గీత కింద ఒక చుక్క ఉంటే బే. కుడి నుంచి ఎడమకు చదవాలి. సరూప మొదట్లో తలే కుడి నుంచి ఎడమకు తిప్పుతుంటే లచ్చవ్వ "మెడ పట్టుకుంటదే" అని మొత్తుకునేది. చిచ్చా ఒక్క దగ్గర మాత్రం గట్టిగా చెప్పాడు. మనం ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. "అక్కడ తలకిందులైతవ్, యాదుంచుకో." ఆ మాట చుట్టూ సరూప పెద్ద గుండు సున్నా చుట్టింది.

రెండో వారం చివరికి ఆమె ఇంగ్లీషు ప్రశ్నను నాకన్నా ముందు చదివి, నేను నోరు తెరిచేలోపే జవాబు నొక్కేది. హమాలీలకు ఉత్త మిర్చీలు తగ్గిపోయాయి. "వకీలమ్మా, నువ్వు జర మెల్లగ సదువు, మాకు గిట్టుబాటు అయితలేదు" అన్నాడొకడు. ఆమె మళ్లీ పేపర్లు చదివి చింపడం మొదలుపెట్టింది.

పరీక్ష వరంగల్‌లో. పొద్దున్నే సరూప రైలెక్కింది. నేను సెంటర్ షట్టర్ దించి, తీర్పు ప్రకారం బండి దగ్గర నిలబడ్డాను. లచ్చవ్వ ఆ రోజు కోసం చాలా ఎదురుచూసినట్టుంది.

"పిండి గంత పల్చగనా? గోడకు సున్నమేస్తున్నవా? మిర్చి నడుమల చీరు బిడ్డా, కొస చీరుతవేంది? అయ్యో, వాము పెట్టలే, వాము!"

మొదటి వాయి మాడింది. రెండో వాయిలో వాము, చింతపండు కూరడం మరిచిపోయాను. ఒక హమాలీ కొరికి, చేతిలో మిగిలిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రమేశన్నా, ఇందుల ఏం లేదు. ప్రివ్యూ సూపియ్యకుండనే పొట్లం గట్టినవా?"

లచ్చవ్వ నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. నేనూ నవ్వాను గానీ, కన్ను మాటిమాటికీ యార్డు గోడ మీది గడియారం వైపే పోతోంది. ఇప్పుడు లోపలికి పంపి ఉంటారు, ఇప్పుడు మొదటి ప్రశ్న తెరుచుకుని ఉంటుంది. నా వేలు చేసిన పని ఆ స్క్రీన్ మీద ఇప్పుడు ఆమెకు కనిపిస్తుంటుంది.

సాయంత్రం ప్యాసింజర్ దిగి నేరుగా బండికే వచ్చింది. నా చొక్కా నిండా శనగపిండి, ముంజేతి మీద రెండు నూనె బొబ్బలు. నన్ను చూసి ముందు నవ్వింది, తర్వాత చెప్పింది.

"ఇంగ్లీషు అందినకాడికి సదివిన. ఎనకటి లెక్క భయం గాలే. ఒక కాడ సూరిటీ అని వచ్చింది. యాదికస్తలేదు. కింద ఉర్దూల సూస్తె జామిన్ అని కనవడ్డది! బండి అప్పు తీస్కున్ననాడు మా లచ్చన్న కాక జామీను పడలేదా మనకు, గా జామిన్! మూడంటె మూడు ప్రశ్నలకు ఉర్దూ ఆసరైంది చిచ్చా. ముద్దయీ కాడ మాత్రం తలకిందులు గాలే."

ఖాజా చిచ్చా జేబులోంచి రుమాలు తీసి కండ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

ఫలితాలు నా సెంటర్‌లోనే చూశాం. ఈసారి మౌస్ ఆమె చేతికి ఇచ్చి నేను వెనక నిలబడ్డాను. ర్యాంకు గొప్పదేమీ కాదు. మొదటి విడత కౌన్సెలింగ్‌లో రాలేదు. రెండో విడతలో వరంగల్‌లోనే ఒక లా కాలేజీలో సీటు వచ్చింది. కబురు విని లచ్చవ్వ ఆ నూనె గైడును పిండి డబ్బా పక్క నుంచి తీసి కొంగుతో తుడిచింది. "అయితె దీన్ని చింపుడు లేనట్టే" అని, ఇంటికి పట్టుకుపోయింది.

సరూప ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. బండి లచ్చవ్వ చూసుకుంటుంది. సెలవు రోజుల్లో పంచాయతీలు మునుపటిలాగే బండి దగ్గరికి వస్తాయి. తీర్పుతో పాటు సెక్షన్ నంబరు కూడా చెబుతోందని హమాలీల కొత్త ఫిర్యాదు.

కథ సుఖంగా ముగిసింది కాబట్టి నా తప్పు చిన్నదైపోయిందని నేను అనుకోను. ఆమె కష్టపడింది, చిచ్చా దారి చూపించాడు. నేను తవ్విన గోతిలోంచి వాళ్లు బయటపడ్డారు, అంతే. ఎదుటి మనిషి 'ఒక్కపారి చదువుకుంటా' అన్నప్పుడు, ఆ రెండు నిమిషాలు నావి కావని, వాటిని కాదనే హక్కు నాకు లేదని నాకు అప్పటిదాకా తెలియలేదు.

తప్పు ఒప్పుకున్న ఆ సాయంత్రమే సెంటర్‌కు వచ్చి, ఆ సీజన్‌లో నేను నింపిన దరఖాస్తులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. ఇంకా దిద్దుకునే గడువు ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, చదివి వినిపించాను. పెద్దవంగర పిల్ల ఒకామెకు పుట్టిన సంవత్సరం తప్పు పడింది. "తప్పు నాదే బిడ్డా" అని ముందు చెప్పి, తర్వాత దిద్దాను. ఆ మాట రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టం కాలేదు.

తర్వాత ఇంకో స్క్రీన్ కొన్నాను. అది బల్ల మీద జనం వైపు తిరిగి ఉంటుంది. నేను ఏ గడిలో ఏం పెడుతున్నానో వాళ్లకు కనిపిస్తుంది. ప్రివ్యూ వచ్చాక మౌస్ వదిలి చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. చదువు రానివాళ్ల కోసం ఖాజా చిచ్చాను అడిగాను. మధ్యాహ్నాలు వచ్చి ఆ స్క్రీన్ ముందు కూర్చుని, పేజీ మొత్తం తెలుగులో పైకి చదివి వినిపిస్తాడు. చివర్లో తన పాత లైను కూడా కలిపి చదువుతాడు. పని వేళల్లో నా ఫోన్ లచ్చవ్వ దగ్గర, శనగపిండి డబ్బా వెనకాల ఉంటుంది. అడిగినా ఇవ్వదు.

మొన్న సరూప తన పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చింది. ప్రివ్యూ తెరిచి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె కళాశాల కోడ్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గడీ వేలు పెట్టి చదవసాగింది. వెనక పదిమంది ఉన్నారు.

"ఎంతసేపక్కా, సర్వర్ పోతది!" అని ఎవరో అరిచారు.

సరూప వెనక్కి తిరగలేదు. నా వైపు చూసి కనుబొమలు ఎగరేసి, మళ్లీ మొదటి గడి నుంచి మొదలుపెట్టింది. ఆమె "అయింది" అనేదాకా నేను చేతులు కదపలేదు.